గూఢలిపియు రాజశాసనమును

మనుష్యుడు తన యింటికి తాళము వేసికొనుట నేరమని యే ధర్మశాస్త్రమును జెప్పలేదు. దొంగయు తన యింటికి తాళము వేసికొనును. దోచిన సొమ్మును తాళమున్న పెట్టెలోనే దాచును. అందుచేత ఊరిలోని తాళములన్నియు రక్షకభటులు కోరినప్పుడు సులువుగా నూడివచ్చునంత బలహీనముగా నుండవలెననియు, అంతకంటె గట్టి తాళమును చేయువాడును, అమ్మువాడును, పొరుగుదేశమునకు పంపువాడును శిక్షార్హులనియు ఒక ప్రభువు శాసించినచో దానిని మనము న్యాయమని యొప్పుకొందుమా? ఇది కాలక్షేపమునకై కల్పించిన ప్రశ్న గాదు. ఇంటి తాళముల విషయమున నెవ్వరు నిట్టి శాసనము చేయలేదు గాని, మనుష్యుల మాటలకును లేఖలకును వేయు తాళముల విషయమున ననేక ప్రభుత్వములు సరిగా నిట్టి శాసనములనే చేసినవి. ఆ తాళమునకు గూఢలిపి యని పేరు. వాడుకలో దానినే ఎన్‌క్రిప్షను అందురు. దాని వాడుకను, దాని యెగుమతిని నిర్బంధించు శాసనములు ధర్మసమ్మతములగునా యని యీ వ్యాసమున విచారింప దలచితిమి.

గూఢలిపి యనగా నొక లేఖను గణితసూత్రము ప్రకారము తారుమారు చేసి, తాళపుచెవి గలవానికి దప్ప నితరులకు అర్థము గాకుండునట్లు చేయుట. తాళపుచెవి యనగా నిచట ఇనుపముక్క గాదు. ఒక పెద్ద సంఖ్య. ఆ సంఖ్య యెంత పెద్దదైన తాళమంత గట్టిది. ఇది పండితులకును సైనికులకును మాత్రమే సంబంధించిన విషయమని చదువరులు తలపరాదు. కూరగాయల దుకాణమున ఫోనుతో సొమ్ము చెల్లించు గృహిణియు, అమెరికాలోని కుమారునితో రాత్రివేళ వాట్సాపులో ముచ్చటించు తల్లియు, బ్యాంకులోని తన నిలువను ఇంటనుండియే చూచుకొను వృద్ధుడును దినదినము గూఢలిపినే యుపయోగించుచున్నారు. తామట్లు చేయుచున్నట్లు వారిలో ననేకు లెరుగరు. ఎరుగకపోయినను ఆ తాళము బలహీనమైన నాడు నష్టపడువారు వారే.

ప్రాచీనులును ఈ విద్య నెరుగుదురు. కౌటిల్యుని యర్థశాస్త్రము చారుల వార్తలు సంజ్ఞాలిపితో నడువవలెనని విధించినది. వాత్స్యాయనుని కామసూత్రము స్త్రీలు నేర్వదగిన యరువదినాలుగు కళలలో మ్లేచ్ఛితవికల్పమను పేర దీనిని జేర్చినది. ఒక గ్రంథము దీనిని రాజ్యమునకిచ్చెను, రెండవది గృహమునకిచ్చెను. ఇరువదవ శతాబ్దపు మహాయుద్ధముల కాలమున నిది దాదాపుగా రాజ్యముల సొత్తే యయ్యెను. కాని 1976లో డిఫీ, హెల్మను అను అమెరికా పండితులు, ముందుగా రహస్యపు తాళపుచెవి నొకరికొకరు చేరవేసికొనకయే యిరువురు గూఢముగా వ్యవహరించుటకు మార్గము చూపిరి. 1977లో రివెస్టు, షమీరు, ఏడిల్మను అను మువ్వురు దాని నాచరణకు దెచ్చు పద్ధతియొకటి కనిపెట్టిరి. పిమ్మట కంప్యూటరు చవుకయై యిల్లిల్లు జేరెను. సేనల చేతిలోని విద్య సామాన్యుని చేతికి వచ్చెను. ప్రభుత్వముల భీతియు నప్పుడే మొదలయ్యెను.

ఈ విషయమున అమెరికా సంయుక్తరాష్ట్రముల కథ మిక్కిలి బోధకరము. అచ్చటి యాయుధముల యెగుమతి శాసనము క్రింద గూఢలిపి సాఫ్ట్‌వేరు, ఫిరంగులతోడను యుద్ధవిమానములతోడను నొకే పట్టికలో జేర్చబడి యుండెను. అనుమతి లేక దానిని విదేశములకు బంపుట ఆయుధములను దొంగచాటుగా నెగుమతి చేయుటతో సమానము. 1990 తరువాతి యేండ్లలో సామాన్యముగా 40 బిట్లకు మించని తాళపుచెవి గల సాఫ్ట్‌వేరునకే సులభముగా ననుమతి దొరకెడిది. 40 బిట్ల తాళపుచెవి యనగా సుమారు 1,10,000 కోట్ల సంఖ్యలలో నొకటి. మనుష్యునికి ఇది లెక్కపెట్టరాని మొత్తమే, కంప్యూటరునకు గాదు. 1997 జనవరిలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు విద్యార్థి యొకడు, అచ్చటి కంప్యూటర్లను కొన్నిటిని జతపరచి, అట్టి తాళమును మూడున్నర గంటలలో నూడదీసెను. అమెరికావారికి గట్టి తాళము, పరదేశీయులకు బొమ్మతాళము: ఇదియే యా శాసనపు సారాంశము. ఆ కాలమున నెట్‌స్కేపు సంస్థ యొకే సాఫ్ట్‌వేరును స్వదేశమున కొకటి, విదేశములకొకటిగా రెండు కూర్పులుగా జేసి పంచవలసి వచ్చెను.

1991లో ఫిల్ జిమ్మర్మను అను నతడు ప్రెటీ గుడ్ ప్రైవసీ యను గూఢలిపి సాఫ్ట్‌వేరును రచించి యెల్లరకు ఉచితముగా నిచ్చెను. అది యంతర్జాలము ద్వారా దేశము దాటెను. ప్రభుత్వమువారు అతనిపై నెగుమతి నేరమును గూర్చి విచారణ ప్రారంభించి, సుమారు మూడేండ్లు నడిపి, 1996 జనవరిలో అభియోగమేదియు మోపకయే విరమించిరి. ఇంతలో 1995లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ ముద్రణశాల ఆ సాఫ్ట్‌వేరు మూలపాఠము నంతయు పుస్తకముగా నచ్చువేసెను. పుస్తకమును విదేశములకు బంపుటకు ఆటంకము లేదు. ఆ యక్షరములనే డిస్కుపై నుంచి పంపిన నేరము! 1997లో తరువాతి కూర్పును 6000 పుటలకు మించిన పుస్తకములుగా దేశము దాటించిరి. నార్వేలోని స్వచ్ఛందసేవకులు వానిని పుటపుటయు యంత్రముచే జదివించి, తప్పులు దిద్ది, మరల సాఫ్ట్‌వేరుగా జేసిరి. కాగితముపై స్వేచ్ఛయై డిస్కుపై నేరమగు శాసనము దేనిని నిషేధించుచున్నదో దానికే తెలియదు.

డేనియల్ బెర్న్‌స్టీను అను గణితవిద్యార్థి తాను రచించిన గూఢలిపి పద్ధతిని ప్రకటింపబోగా, అందుకు లైసెన్సు కావలెనని ప్రభుత్వము చెప్పెను. అతడు 1995లో న్యాయస్థానమునకెక్కెను. 1996లో జిల్లా న్యాయస్థానమును, 1999లో అప్పీలు న్యాయస్థానపు బెంచియు, సాఫ్ట్‌వేరు మూలపాఠము వాక్స్వాతంత్ర్యమునకు లోబడిన వాక్కేయని యంగీకరించినవి. ఆ తీర్పుపై పునర్విచారణ నిర్ణయమై యుండగా, 2000 జనవరిలో ప్రభుత్వమే యెగుమతి నిబంధనలను జాలవరకు సడలించెను. విదేశములలో గట్టి సాఫ్ట్‌వేరు తయారగుచుండగా స్వదేశపు వర్తకులు మాత్రమే నష్టపడుచున్నారన్న మొరయు ఇందుకు గారణమే.

కథ యిచ్చట ముగిసియుండిన దానిని పాతకాలపు వింతగా మనము మరచియుందుము. కాని ముగియలేదు. పరదేశీయులకై చేసిన బలహీనపు తాళమును, శాసనము పోయిన తరువాతను, సాఫ్ట్‌వేరు నుండి పూర్తిగా నెవరును దీసివేయలేదు. గోడలోని పాతతలుపువలె నది మరుగుననే యుండెను. 2015 మార్చిలో పరిశోధకులు దానిని కనుగొనిరి. దారిలో పొంచియున్న దుర్జనుడు రెండు కంప్యూటర్లను మోసపుచ్చి, నేటి గట్టి తాళమునకు మారుగా నానాటి యెగుమతి తాళమునే వానిచే వేయింపవచ్చునని తేలెను. అట్టి తాళము నూడదీయుటకు సుమారు 100 డాలర్ల కంప్యూటరు బాడుగయు, కొన్ని గంటల కాలమును జాలును. ఆ లోపమున్న వెబ్‌సైటులలో అమెరికా ప్రభుత్వపు గూఢలిపి శాఖయైన నేషనల్ సెక్యూరిటీ ఏజెన్సీ వారిదియు నొకటి! ఇతరులకై త్రవ్విన గోతిని పూడ్చుట మరచి, పదునైదేండ్ల తరువాత దానిలో దామే కాలుపెట్టిరి.

ఇక నితర దేశముల మాట. ఫ్రాన్సులో 1990 తరువాతి యేండ్లలో ప్రజలు తమ స్వంత వాడుకకు సైతము గట్టి గూఢలిపిని అనుమతి లేక వాడరాదు. 1999లో 128 బిట్ల వరకు సడలించిరి. 2004 నాటి శాసనము గూఢలిపి సాధనముల వాడుక స్వేచ్ఛయని స్పష్టముగా బలికెను. మన దేశమున, అంతర్జాల సేవాసంస్థల లైసెన్సు నిబంధనలు 40 బిట్లకు మించిన తాళపుచెవి వాడవలెనన్న ముందుగా ననుమతి పొంది, చెవిని ప్రభుత్వమునకు అప్పగింపవలెనని చెప్పినవి. 2001లో రిజర్వుబ్యాంకు, అంతర్జాలము ద్వారా వ్యాపారము చేయు బ్యాంకులు 128 బిట్లకు తక్కువ కాని రక్షణ నుంచవలెనని సూచించెను. ఒక శాఖ దలుపు గట్టిగా మూయుమనుచుండగా వేరొక శాఖ ఓరగా తెరచియుంచుమనుచుండెను. 2000 నాటి ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ చట్టపు 69వ సెక్షను ప్రకారము, ప్రభుత్వాజ్ఞ ననుసరించి గూఢలిపిని విప్పుటకు సహాయపడనివారికి ఏడేండ్ల వరకు కారాగారశిక్ష విధింపవచ్చును. 2015 సెప్టెంబరులో ప్రభుత్వము ప్రకటించిన చిత్తుప్రతి, ప్రజలు తాము గూఢలిపిలో బంపిన సందేశముల యసలు ప్రతులను 90 దినములు దాచియుంచి యడిగినప్పుడు చూపవలెనని చెప్పెను. దేశమంతట నాక్షేపణ లేచుటచే కొన్ని దినములలోనే దానిని ఉపసంహరించిరి. 2021 నాటి నియమములు, పెద్ద సందేశసంస్థలు ఆజ్ఞ వచ్చినప్పుడు ఒక సందేశమును మొట్టమొదట బంపినవా రెవరో తెలుపవలెనని విధించినవి. అట్లు చేయవలెనన్న గూఢలిపిని భంగపరుపక తప్పదని వాట్సాపు సంస్థ ఢిల్లీ హైకోర్టు నాశ్రయించెను.

ఇట్టి శాసనములను సమర్థించువారు దుర్మార్గులు గారు. వారి యాక్షేపములను తీసిపారవేయుట మాకిష్టము లేదు. మూడింటిని ముఖ్యముగా విచారింతము.

మొదటి యాక్షేపము: నేరస్థులు గూఢలిపి చాటున దాగుచున్నారు. ఇది నిజమే. 2018లో పిల్లల నెత్తుకొనిపోవువారు తిరుగుచున్నారను వదంతి ఫోనులలో వ్యాపించి, మహారాష్ట్రమున ధూలే జిల్లాలో అయిదుగురు నిరపరాధులు గుంపుచే జంపబడిరి. ఆ యేటనే తెలంగాణమునను అట్టి వదంతులు ప్రాణములు గొన్నవి. ఆ వదంతిని పుట్టించినవాని దెలిసికొనవలెనను కోరిక యెవరికి న్యాయముగా దోపదు? అయినను ఒక్కమాట యాలోచింపవలెను. ఆ హత్యలు గూఢలిపి మరుగున జరుగలేదు. పట్టపగలు, నలుగురు చూచుచుండగా జరిగినవి. చంపినవారి చేతులు కనబడుచునే యున్నవి. ఆ జనులను ఆ క్షణమున నాపుటకు వలసినది సమయమునకు వచ్చు రక్షకభటుడును, పరదేశిని జూచి భయపడని మనస్సును. ఒకరినుండి యొకరికి వేలసారులు చేరిన యబద్ధమును మొదట వ్రాసినవా డెవడో తెలిసినను ఆ రెండును సమకూరవు. మరియు గట్టి గూఢలిపి పద్ధతులు ప్రపంచమంతట ముద్రితములై యున్నవి. శాసనమునకు వెరచి వానిని విడుచువాడు సాధువే. హత్యకు వెరవనివాడు గూఢలిపి నిషేధమునకు వెరచునా? కనుక నిట్టి శాసనము నేరస్థుని చేతిలో తాళము నుంచి, గృహస్థుని చేతిలోనిది లాగికొనును.

రెండవ యాక్షేపము: తప్పు చేయనివారికి దాపరికమేల? ఈ మాట మన చెవులకు క్రొత్త గాదు. రహస్యము వేరు, కపటము వేరు. ఇతరులకు న్యాయముగా దెలియవలసినదానిని దాచుట కపటము. ఇతరులకు సంబంధింపని దానిని తనలో నుంచుకొనుట రహస్యము. రోగి వైద్యునితో జెప్పిన మాట, కక్షిదారు వకీలుతో జెప్పిన మాట, భార్యాభర్తలు తమలో ననుకొనిన మాట దోషము గలవి గావు. అయినను బజారున జదువదగినవి గావు. ఎవరో వినుచున్నారని తెలిసిన మనుష్యుడు అబద్ధమాడకపోవచ్చును గాని, నిజమును పూర్తిగా జెప్పడు, సందేహములను బైటపెట్టడు, తన యభిప్రాయము మార్చుకొనుటకు సైతము జంకును. 2017 ఆగస్టు 24వ తేదీన మన సుప్రీంకోర్టు తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము, పుట్టస్వామి వ్యాజ్యమున, స్వాంతరంగికత మన రాజ్యాంగమిచ్చిన ప్రాథమిక హక్కని యేకగ్రీవముగా జెప్పినది. ఆ హక్కును ప్రభుత్వము తగ్గింపవలెనన్న శాసనాధారము, న్యాయమైన ప్రయోజనము, ఆ ప్రయోజనమునకు మించని నిర్బంధము ఉండవలెను. కొందరు నేరస్థులకై కోట్లకొలది జనుల తాళములను మెత్తబరచుట మూడవ నియమమునకు ఎట్లు నిలుచునో మాకు దోచదు.

మూడవ యాక్షేపము: తాళము గట్టిగానే యుండనిండు, మారుచెవి యొకటి ప్రభుత్వము నొద్ద నుండినచో చాలును. మంచివారికి తెరచుకొని చెడ్డవారికి తెరచుకొనని తలుపు, మాటలలో ఎంతయు నందముగా నున్నది. 1993లో అమెరికా ప్రభుత్వము క్లిప్పరు చిప్పను పేర సరిగా నిట్టిదానినే ప్రతిపాదించెను. మారుచెవిని రెండు ముక్కలుగా జేసి రెండు ప్రభుత్వశాఖలలో భద్రపరతుమనిరి. 1994లో మాట్ బ్లేజు అను శాస్త్రజ్ఞుడు ఆ యేర్పాటును తప్పించుకొను మార్గమును ప్రకటించెను. కొలది యేండ్లలో నది మూలబడెను. గ్రీసు దేశమున ఫోనుయంత్రములలో శాసనబద్ధముగా సంభాషణలు వినుటకై యుంచిన మార్గమును ఎవరో వశపరచుకొని, 2004, 2005 సంవత్సరములలో ప్రధానమంత్రి మొదలు నూరుమందికి పైగా ప్రముఖుల మాటలను నెలలతరబడి వినిరి. 2024లో చైనా దేశమునకు జెందినవారని చెప్పబడిన చొరబాటుదారులు అమెరికా ఫోనుసంస్థలలో ప్రవేశించి, న్యాయస్థానపు ఆజ్ఞలపై సంభాషణలు వినుటకు నిర్మించిన వ్యవస్థలనే చేరిరని బయటపడెను. ఆ యేడు డిసెంబరులో అమెరికా ప్రభుత్వాధికారులే, ముఖ్యోద్యోగులు గూఢలిపితో నడచు సందేశసాధనములను వాడుట మేలని సలహా చెప్పిరి. ఒకప్పుడు దేనిని ఆయుధమని బంధించిరో దాని చాటుననే తల దాచుకొనవలసి వచ్చెను. 2017లో ఆస్ట్రేలియా ప్రధానమంత్రి టర్న్‌బుల్, గణితసూత్రములు మెచ్చదగినవే గాని తమ దేశమున చెల్లునవి తమ దేశపు శాసనములే యని పలికెను. గణితము రాజాజ్ఞను ధిక్కరింపదు. దానిని విననే వినదు. తెరచువాని చేతిలో ఆజ్ఞాపత్రమున్నదో లేదో తాళము కనుగొనజాలదు.

అట్లయిన ప్రభుత్వము చేతులు ముడుచుకొని కూర్చుండవలెనా? కూర్చుండవలదు. నిర్ణీతమైన నేరము, నిర్ణీతమైన వ్యక్తి, సందేహమునకు తగిన కారణము, స్వతంత్రుడైన న్యాయాధిపతి యాజ్ఞ ఉన్నప్పుడు ఆ వ్యక్తి యింటిని సోదా చేసినట్లే అతని ఫోనును స్వాధీనపరచుకొనవచ్చును. ఎవరు, ఎవరితో, ఎప్పుడు మాటలాడిరను వివరములు గూఢలిపి యున్నను చాలవరకు దొరకుచునే యున్నవి. సాక్షులున్నారు, సొమ్ము నడచిన త్రోవలున్నవి. ఇది కష్టమైన పని. కొన్ని వేళల నిది ఫలింపదు. గట్టి తాళము మూలమున కొందరు నేరస్థులు శిక్ష తప్పించుకొందురు. దానివలన నష్టపడినవారి దుఃఖము నిజమైన దుఃఖము. ఈ మూల్యమును దాచి వాదించుట మాకు సమ్మతము గాదు. కాని ఒక నేరమును విచారించుటకై యొక తలుపు దట్టుట వేరు. ఏనాటికైన విచారింపవలసి రావచ్చునని యెల్లవారి తలుపుల గడియలు ముందుగానే పీకివేయుట వేరు. మొదటిది శాసనబద్ధమైన ప్రభుత్వము చేయదగిన పని. రెండవది ప్రజలనందరిని నేరస్థులుగా నెంచిన ప్రభుత్వము చేయు పని. ఈనాటి ప్రభువులు సజ్జనులైనను, వారు పీకిన గడియలు రేపటి ప్రభువుల నాటికి మరల మొలవవు.

ప్రభుత్వమును గూర్చి యింత చెప్పిన పిమ్మట, మన గృహములను గూర్చి యొకమాట చెప్పకున్న ఈ విచారణ యసంపూర్ణమగును. తప్పు చేయనివారికి దాపరికమేలయను వాక్యమును మనము మొదట విన్నది పార్లమెంటునుండి గాదు. కోడలికి పుట్టింటినుండి వచ్చిన యుత్తరమును ముందుగా విప్పి చదివిన యత్తమామలు ఈ మాటయే చెప్పిరి. నేడు ఉత్తరములు పోయినవి. చేతిలోని ఫోను వచ్చినది. భార్య ఫోను తెరచు సంఖ్య తనకు దెలిసి తీరవలెనను భర్తయు, కాలేజీలో జదువు కుమార్తె వ్రాసికొను ప్రతి మాటయు తాము చూడవలెనను తలిదండ్రులును, తమ దృష్టిలో రక్షకులే. పసిబిడ్డను కనిపెట్టియుండుట తలిదండ్రుల ధర్మము. పెరిగిన మనుష్యుని నిరంతరము కావలి కాయుట ధర్మము గాదు. భయమున్నచో అడుగవచ్చును, హెచ్చరింపవచ్చును, ఆపదలో సహాయపడవచ్చును. ఒకరి మాటలను ఒకరు విప్పి చదువుటయే ప్రేమయని పెరిగిన బిడ్డలు, రేపు ప్రభుత్వము తమ తాళపుచెవి నడిగినప్పుడు, అడుగుటలో తప్పేమున్నదని తామే యందురు. చదువరులు తమ ప్రతినిధులను ఈ విషయమున ప్రశ్నింపవలయును. ఆ ప్రశ్న నడుగుటకు ముందు, తమ యింటిలో నెవరి యుత్తరమెవరు విప్పుచున్నారో యొకసారి విచారించుకొందురు గాక.